ఓరల్ మెడిసిన్ పోస్టింగ్: జనరల్ మెడిసిన్ మనకు ఎంతవరకు తెలిసి ఉండాలి?

సముద్రపు_గాలి · సోమవారం, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. విశాఖలో బీడీఎస్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల విభాగం) పోస్టింగ్ మొదలై మూడు వారాలైంది. థర్డ్ ఇయర్‌లో జనరల్ మెడిసిన్ మంచి మార్కులతోనే పాసయ్యాను. కానీ ఈ రోజు జరిగింది చూశాక నిద్ర పట్టడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున భీమిలి వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటుంది, జాలరి కుటుంబం. పై పళ్లు ఒక్కటీ లేవు, కట్టుడు పళ్లు కావాలంది. కేస్ హిస్టరీ నేనే తీసుకున్నాను. "పొగ తాగే అలవాటు ఉందా అమ్మా?" అంటే "నేదు బాబూ" అంది. "బీడీ, సిగరెట్ ఏమైనా?" "ఆడోళ్లం, మాకేటి బాబూ సిగరెట్లు" అని నవ్వింది. అలవాట్లు లేవని రాసేశాను. నోరు తెరిపిస్తే అంగిలి అంతా బూడిద కలిసిన తెలుపు. ఎండిన చెరువు అడుగులా సన్నటి పగుళ్లు, మధ్య మధ్య గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు. పళ్లు లేక చిగుళ్లతోనే నములుతుంది కదా, ఆ రాపిడికి అలా గట్టిపడి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, కట్టుడు పళ్లు చేసే ప్రాస్థో డిపార్ట్‌మెంట్‌కి పంపేశాను.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తుంటే గేటు దగ్గర చెట్టు కింద ఆవిడ కూర్చుని కనిపించింది. పెదాలు గట్టిగా మూసి ఉన్నాయి. వాటి మధ్య నుంచి చుట్ట అంగుళం ముక్క బయటికి వచ్చి ఉంది. ఎక్కడా నిప్పు కనిపించలేదు. నిప్పు నోట్లో ఉంది. పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది, చుట్ట మాత్రం పెదాల మధ్య నుంచి కదల్లేదు. దగ్గరికి వెళ్లి "పొగ తాగనన్నావు కదమ్మా" అంటే, "ఇది పొగేటి బాబూ, అడ్డపొగ" అంది.

వెంటనే లోపలికి తీసుకొచ్చి మేడమ్‌కి చూపించాను. మేడమ్ టార్చి వేసి, కుడి వైపు వెనకగా నేను చూడని ఒక ఎర్రటి మచ్చ చూపించారు. కొడుకుని తీసుకుని రమ్మని, బయాప్సీ చేస్తామని చెప్పి పంపారు.

నా ప్రశ్న ఇదీ. డెంటల్ స్టూడెంట్‌కి జనరల్ మెడిసిన్ ఎంతవరకు తెలియాలి? ఏ జబ్బులు, ఎంత లోతుగా? వైవాకి పనికొచ్చేది కాదు, కుర్చీలో మనిషి కూర్చున్నప్పుడు పనికొచ్చేది చెప్పండి.

తగరపువలస · సోమవారం, రాత్రి 10:31

నాకూ ఇదే సందేహం. చిగుళ్లు పెంచే మందులు చెప్పమంటే ఫెనిటాయిన్, సైక్లోస్పోరిన్, నిఫెడిపిన్ అని గడగడా చెప్పేస్తాను. నిజంగా పేషెంట్ వచ్చి కూర్చుంటే ఆ మాట గుర్తుకే రాదు. టెన్షన్‌లో పుచ్చు పళ్లు లెక్కపెట్టి పంపేస్తాను.

వేపపుల్ల · సోమవారం, రాత్రి 11:20

తమ్ముడూ, నేను ఓరల్ మెడిసిన్ పీజీని. ముందు అడ్డపొగ సంగతి పూర్తి చేద్దాం. ప్రపంచంలో ఎక్కడి డెంటల్ స్టూడెంట్ అయినా దీన్ని పుస్తకంలో ఫొటో చూసి నేర్చుకుంటాడు, మనకి గేటు బయట కనిపిస్తుంది.

మన కోస్తా అంగిలి క్యాన్సర్ గురించీ, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం గురించీ 1957లోనే రెడ్డి, రావు అనే ఇద్దరు వైద్యులు రాశారు. తర్వాత డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా, వాళ్ల బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించారు. అందులో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లే. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. క్యాన్సర్ మామూలుగా కఠిన అంగిలి జోలికి పెద్దగా రాదు. మన దగ్గర వస్తోందంటే కారణం ఈ చుట్టే.

వైవాలో తప్పకుండా అడిగేది ఒకటుంది. మామూలుగా పొగ తాగేవాళ్లకీ అంగిలి తెల్లబడి ఎర్ర చుక్కలు వస్తాయి, దాన్ని నికోటిన్ స్టొమటైటిస్ అంటాం. ఆ ఎర్ర చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి కనిపిస్తాయి. మానేస్తే చాలామందిలో తగ్గిపోతుంది, క్యాన్సర్‌గా మారే భయం తక్కువ. అడ్డపొగ అంగిలి చూడటానికి అలాగే ఉంటుంది కానీ దాన్ని ఆ లెక్కలో వేయకూడదు. అక్కడ పొగకి తోడు నిప్పు సెగ కూడా తగులుతుంది. తెల్లటి భాగం కంటే ఎర్రటి భాగాన్ని చూసి భయపడాలి. పుండు పడితే ఇంకా. మీ మేడమ్ చూపించిన మచ్చ అందుకే ముఖ్యం.

ఆవిడ నీకు అబద్ధం చెప్పలేదు, అది గుర్తుపెట్టుకో. ఆవిడ లెక్కలో పొగ అంటే మగవాళ్లు కాల్చే బీడీ, సిగరెట్. మన వైపు "చుట్ట కాలుస్తారా? అడ్డంగానా, నిలువుగానా?" అని అడగాలి. "కిళ్లీలో పొగాకు వేసుకుంటారా? ఖైనీ పెదవి కింద పెడతారా? గుట్కా? వక్కపొడి?" అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగు. "పొగాకు అలవాటు ఉందా" అంటే అందరూ లేదనే అంటారు. ఏ పుండైనా రెండు వారాలు దాటి మానకపోతే, కారణంగా కనిపించే పన్ను అంచు రాపిడి తీసేశాక కూడా మానకపోతే, బయాప్సీకి వెనకాడొద్దు.

గాజువాక_క్లినిక్ · మంగళవారం, ఉదయం 6:48

పద్నాలుగేళ్లుగా గాజువాకలో ప్రాక్టీస్ చేస్తున్నాను. వేపపుల్ల గారు చెప్పినట్టు అసలు పని అడగడంలోనే ఉంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే సగం మంది లేదంటారు. ఎందుకంటే బీపీ బిళ్ల వాళ్ల దృష్టిలో మందు కాదు, రోజూ తాగే కాఫీ లాంటిది. "పొద్దున్నే వేసుకునే బిళ్లలు ఏమైనా ఉన్నాయా? అట్ట తెచ్చారా?" అని అడగండి. అట్ట తేకపోతే ఇంట్లో వాళ్లకి ఫోన్ చేయించి ఫొటో పంపించమనండి. నా క్లినిక్‌లో ఇది కట్టు తప్పని నియమం. షుగర్ ఉందా అంటే "ఉండేది, తగ్గిపోయింది" అంటారు. తగ్గిపోయింది అంటే మాత్ర మానేశారని అర్థం.

తగరపువలస అడిగిన చిగుళ్ల సంగతి. ఈ రోజుల్లో నిఫెడిపిన్ కంటే అమ్లోడిపిన్ ఎక్కువ చూస్తారు. స్టీల్ ప్లాంట్ నుంచి రిటైరైన ఒకాయన ముందు పళ్ల మధ్య చిగుళ్లు బుడిపెల్లా పెరిగి వచ్చారు. మూడు చోట్ల క్లీనింగ్ చేయించుకున్నారు, మళ్లీ పెరిగాయి. అట్ట చూస్తే బీపీ బిళ్ల అమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు, నాలుగేళ్లుగా. ఆయన ఫిజీషియన్‌కి ఉత్తరం రాస్తే మందు మార్చారు, తర్వాత శుభ్రం చేస్తే నిలిచింది. మందు మనంతట మనం ఆపించకూడదు, ఆ మాట గట్టిగా చెబుతున్నాను.

రక్తం పల్చబడే మాత్రలు ఇంకో పెద్ద పాఠం. గుండెకి కవాటం మార్చినవాళ్లు మన వైపు అసిట్రోమ్ ఎక్కువ వాడతారు. పన్ను తీయాలంటే ఆ మాత్ర ఐదు రోజులు ఆపేయమని చెప్పే పాత అలవాటు ఇంకా పోలేదు. ఆపితే కవాటం మీద గడ్డ కడుతుంది, అది మెదడుకి వెళ్తే మనిషి పక్షవాతంతో పడిపోతాడు. పన్ను తీసిన గుంటలో రక్తం వస్తే గాజ్ గుడ్డ పెట్టి, కుట్టు వేసి ఆపగలం. 24 గంటల లోపు చేసిన ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) 3.5 లోపుంటే ఒకటి రెండు పళ్లు మాత్ర ఆపకుండానే తీయొచ్చు. ఆస్పిరిన్ కూడా ఆపక్కర్లేదు. తర్వాత చాలామంది అలవాటుగా మెట్రోనిడజోల్ రాసేస్తారు. ఐఎన్ఆర్ ఎకాఎకిన పెంచేసే మందు అది. పన్ను తీసిన మూడో రోజు రక్తం ఆగక పేషెంట్ వచ్చాడంటే కారణం మన చేతిరాతే కావచ్చు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఎడమ కింది దవడ నొప్పి. అంతకుముందు ఒకచోట ఒక పన్ను తీశారట, నొప్పి తగ్గలేదు, పక్క పన్ను కూడా తీయమని నా దగ్గరికి వచ్చాడు. తట్టి చూశాను, చల్లటి నీళ్లు పోసి చూశాను, ఎక్స్‌రే తీశాను. పన్ను నిక్షేపంలా ఉంది. "ఎప్పుడు వస్తుంది నొప్పి?" అంటే, "మొన్న సింహాచలం మెట్లు ఎక్కుతుంటే వచ్చిందండి, కూర్చుంటే పోయింది" అన్నాడు. నడిస్తే వచ్చి, ఆగితే పోయే పంటి నొప్పి ఉండదు. ఈసీజీకి పంపాను. మర్నాడే స్టెంట్ వేశారు.

సముద్రపు_గాలి · మంగళవారం, ఉదయం 7:30

సార్, సింహాచలం మెట్ల కేసు మా బ్యాచ్ గ్రూపులో పెట్టాను. ఒక సందేహం. గుండె జబ్బు ఉందంటే అందరికీ ముందే అమాక్సిసిలిన్ ఇచ్చేస్తున్నారు మా దగ్గర. స్టెంట్ ఉన్నవాళ్లకి కూడా. ఇవ్వాలా?

జనరల్_వార్డు · మంగళవారం, మధ్యాహ్నం 2:05

నేను ఫిజీషియన్‌ని, మెడికల్ వార్డులో పని చేస్తాను. డెంటల్ విద్యార్థులు ఈ ప్రశ్న వేయడం చూసి సంతోషంగా ఉంది.

స్టెంట్‌కి అక్కర్లేదు. బైపాస్‌కీ అక్కర్లేదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఈ జాబితాను బాగా కుదించింది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్) వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చిన కొన్ని తీవ్రమైన గుండె లోపాలు, గుండె మార్పిడి తర్వాత కవాటం చెడినవాళ్లు. అంతే. అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పనికి అరగంట నుంచి గంట ముందు, ఒకే మోతాదు. పెన్సిలిన్ పడనివాళ్లకి క్లిండామైసిన్ ఇవ్వమని మీ పాత నోట్సులో ఉంటుంది. 2021లో దాన్ని తీసేశారు, అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు ఇవ్వొచ్చు. పన్ను తీశాక ఐదు రోజులు కోర్సు రాయడం వేరే విషయం, దాన్నీ దీన్నీ కలపకండి.

ఇక నన్ను అడిగితే, మీరు బాగా నేర్చుకోవలసింది రక్తహీనత. నోట్లో కనిపించినంత స్పష్టంగా అది ఇంకెక్కడా కనిపించదు. నాలుక నున్నగా, పాపిల్లాలు (నాలుక మీది సన్నటి బుడిపెలు) అరిగి, ఎర్రగా, "అన్నంలో కారం తగిలితే మండిపోతోందండి, ఆవకాయ మానేసి ఏడాదైంది" అంటూ వచ్చే ఆడవాళ్లకి చాలామంది మౌత్ వాష్, బి కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. పెదాల మూలలు చీలాయా, గోళ్లు చెంచాలా గుంటపడ్డాయా, మెట్లెక్కితే ఆయాసమా, ముద్ద మింగడం కష్టమా, అరికాళ్లు తిమ్మిరా, ఇవన్నీ అడగండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత, మగవాళ్లకి 13. అంకె ఒక్కటే చూడకండి, ఎంసీవీ (ఎర్ర రక్తకణం సగటు సైజు) చూడండి. ఐరన్ తక్కువైతే కణం చిన్నదవుతుంది, బి12 తక్కువైతే పెద్దదవుతుంది. రెండూ కలిసి తక్కువైతే సగటు మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. అలాంటప్పుడు స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) అడగాలి.

బి12 ఎందుకు తగ్గింది? ఏళ్ల తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, లేదా గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్. చాలామంది ఈ రెండూ వాడుతుంటారు. అట్ట అడగమని గాజువాక గారు చెప్పింది ఇక్కడ కూడా పనికొస్తుంది. బి12 సంగతి తేల్చకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగవుతుంది, నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. చిన్న మాత్రే కదా అనుకోకండి.

మీ కుర్చీలో షుగర్ పేషెంట్‌కి హఠాత్తుగా ఏం జరుగుతుందో ఒక్కసారి కళ్లతో చూసి ఉండాలి. మొన్న అనకాపల్లి నుంచి తెల్లవారి బస్సుకి వచ్చిన ఒకాయనని డెంటల్ ఓపీ నుంచి మా వార్డుకి తెచ్చారు. పన్ను తీయించుకోవాలంటే పరగడుపున వెళ్లాలని ఎవరో చెప్పారట. ఇన్సులిన్ మాత్రం వేసుకున్నాడు. పదకొండింటికి చొక్కా తడిసేలా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. చూసిన వాళ్లు భయపడ్డాడనుకున్నారు. షుగర్ 48. స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నరం ద్వారా డెక్స్‌ట్రోజ్. మీ డిపార్ట్‌మెంట్‌లో పంచదార డబ్బా ఎక్కడుందో రేపు వెళ్లి చూడండి.

ఏయూ_గేటు · మంగళవారం, సాయంత్రం 5:40

వేరే మాట చెబుతాను, కోపగించుకోవద్దు. ఇవన్నీ మన పని కాదు. బీపీ, షుగర్, గుండె ఏది ఉన్నా ఫిజీషియన్ దగ్గరికి పంపి ఫిట్‌నెస్ తెప్పించుకుంటే సరిపోతుంది. అన్నీ మనమే మోయాలంటే ఎలా?

జనరల్_వార్డు · మంగళవారం, రాత్రి 8:15

కోపం లేదు. కానీ ఆ ఫిట్‌నెస్ చీటీ అందుకునేవాడిని నేను. "పన్ను తీయాలి, ఫిట్‌నెస్ ఇవ్వగలరు" అని ఒక్క ముక్క రాసి పంపుతారు. ఒక పన్నా, పదా? ఎంత రక్తం పోతుంది? ఏ మత్తు ఎంత ఇస్తారు? తర్వాత ఏ నొప్పి మాత్ర రాస్తారు? ఏదీ ఉండదు. నాకు డెంటిస్ట్రీ తెలియదు కాబట్టి భయపడి "అడ్రినలిన్ లేని మత్తు ఇవ్వండి, వారం ఆగండి" అని రాసేస్తాను. ఆ వారం అంతా పేషెంట్ నొప్పితో ఉంటాడు. మీకు మా వైద్యం కొంత తెలిస్తేనే మమ్మల్ని సరైన ప్రశ్న అడగగలరు.

గాజువాక_క్లినిక్ · మంగళవారం, రాత్రి 9:02

డాక్టర్ గారూ, ఆ అడ్రినలిన్ మాట మీద నాకు ఎప్పటి నుంచో బాధ. మేం వాడే మత్తు మందు లిగ్నోకైన్‌లో అడ్రినలిన్ 80,000కి 1 వంతు, అంటే 1 మిల్లీలీటరులో 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బు అదుపులో ఉన్నవాళ్లకి 40 మైక్రోగ్రాముల దాకా, అంటే 3 మిల్లీలీటర్ల పైచిలుకు ఇవ్వొచ్చు. రక్తనాళంలోకి పోకుండా సిరంజి వెనక్కి లాగి చూసుకుని నెమ్మదిగా ఇస్తాం. అది లేని మత్తు ఇస్తే సగంలో దిగిపోతుంది. ఆ నొప్పికి పేషెంట్ ఒంట్లో పుట్టే అడ్రినలిన్ నేనిచ్చేదానికి ఎన్నో రెట్లు. అందుకని చీటీలో అడ్రినలిన్ వద్దు అని రాసేయకుండా, గుండె పరిస్థితి ఎలా ఉందో రాస్తే ఆ నిర్ణయం మేం తీసుకుంటాం. బీపీ 180/110 దాటితే మాత్రం నొప్పి తగ్గించి పంపడమే, తొందరలేని పని ఏదీ ముట్టుకోను.

జనరల్_వార్డు · మంగళవారం, రాత్రి 9:20

ఒప్పుకుంటున్నాను. ఈ లెక్క నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గుండె నొప్పి ఈ మధ్యే వచ్చినవాళ్లు, లయ అదుపులో లేనివాళ్లు వేరు. మిగతావాళ్లకి ఇక నుంచి అలా రాయను.

ఉద్దానం_అబ్బాయి · బుధవారం, తెల్లవారి 5:10

నేను డాక్టర్‌ని కాదు, విశాఖలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. మాది కవిటి మండలం. మా నాన్నకి కిడ్నీలు పాడై ఆరేళ్లు. నైట్ డ్యూటీలో ఇది చదివి రాయాలనిపించింది.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎంతమందికి కిడ్నీ జబ్బు ఉందో మీకు తెలిసే ఉంటుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అయినా విశాఖకి వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లు మీ దగ్గరికీ వస్తారు. నోట్లో ఉప్పు నీళ్ల రుచి, ఊపిరిలో అమ్మోనియా వాసన, తెల్లబోయిన చిగుళ్లు. పళ్లు తోముకోలేదనుకుని కొందరు కసురుకుంటారు. మా నాన్నని ఒకచోట అలాగే కసిరారు.

నాన్న పన్ను తీయించేటప్పుడు నేను నేర్చుకున్నవి చెబుతాను. డయాలసిస్ రోజున తీయకండి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం కాబట్టి రక్తం ఆగదు. మర్నాడు తీస్తే మంచిది, ఒళ్లు కూడా తేలిగ్గా ఉంటుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు. ఆ చేతి మీద చెవి పెడితే జుయ్యిమని శబ్దం వినిపిస్తుంది, ఆ శబ్దం ఆగిపోతే మాకు దారి మూసుకుపోయినట్టే. ఒక్కసారి మీరు కూడా విని చూడండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ రాయకండి. కొద్దిగా మిగిలిన కిడ్నీ కూడా వాటితో పోతుంది. మా ఊళ్లో ఒళ్లు నొప్పులకి ఈ బిళ్లలు కిరాణా కొట్లో కొనుక్కుని మింగేస్తారు. పంటి నొప్పికి మీ దగ్గరికి రాకముందే ఎన్ని మింగారో అడగండి.

వేపపుల్ల · బుధవారం, ఉదయం 8:25

అన్నా, మీరు రాసింది మా జూనియర్లందరికీ చదివి వినిపిస్తాను. ఎక్స్‌రే సంగతి ఒక్కటి కలుపుతాను. కిడ్నీ జబ్బు ముదిరితే పారాథైరాయిడ్ గ్రంథి ఎక్కువ పని చేసి ఎముకలోంచి కాల్షియం లాగేస్తుంది. పన్ను వేరు చుట్టూ ఉండే సన్నటి తెల్ల గీత, లామినా డ్యూరా, మాయమవుతుంది. ఎముక గరుకు అద్దంలా మసకబారుతుంది. ఒక్కోసారి దవడలో బ్రౌన్ ట్యూమర్ వస్తుంది, బయాప్సీలో జెయింట్ సెల్స్ కనిపిస్తాయి. కోసి తీసేయాలని పరుగెత్తకుండా ముందు కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి.

మన్యం_పిల్ల · బుధవారం, రాత్రి 9:47

నేను పాడేరు నుంచి వచ్చి ఇక్కడ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. ఎవరూ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) గురించి రాయలేదు. మా వైపు ఇది ప్రతి ఊళ్లో వినిపించే పేరు. 2023 జులై 1న దేశమంతటా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక మా హాస్టల్ పిల్లలకి కూడా పరీక్షలు చేశారు. మా అక్క కొడుకుకి జబ్బు ఉంది, నాకు ట్రైట్ ఉంది. ట్రైట్ అంటే జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే రావడం, జబ్బు కాదు, పంటి వైద్యం అందరిలాగే చేయించుకోవచ్చు. ఆ తేడా తెలియక నన్ను ఒకచోట వెనక్కి పంపేశారు, అందుకే చెబుతున్నాను.

మా అక్క కొడుకుకి పదమూడేళ్లు. కింది దవడ నొప్పి అని ఏడ్చాడు. పుచ్చు లేదు, దెబ్బ లేదు. రెండో రోజు కింది పెదవి తిమ్మిరెక్కింది, తాకితే తెలియదన్నాడు. అక్కడి పీహెచ్‌సీ డాక్టర్ గారు అది పంటి నొప్పి కాదు, దవడ ఎముకలో రక్తనాళాలు మూసుకుపోయాయి అని గుర్తుపట్టి కేజీహెచ్‌కి పంపారు. కొడవలిలా వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకకి రక్తం అందదు. పుచ్చు లేని పన్ను కూడా లోపల చచ్చిపోవచ్చని తర్వాత చదివాను. ఎక్స్‌రేలో రెండు వేర్ల మధ్య ఎముక గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా కనిపిస్తాయి.

వాడి పన్ను ఒకటి తీయాల్సి వచ్చినప్పుడు మేడమ్ ఏసీ ఆపేయించారు. చలి తగిలితే కణాలు వంగుతాయట. నీళ్లు బాగా తాగించారు, తెల్లారగట్ల ఘాట్ రోడ్డు దిగి వచ్చాడని రెండు గంటలు పడుకోబెట్టారు, తర్వాత పది నిమిషాల్లో పని ముగించారు. ఈ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా వాడుతున్నాడు కాబట్టి నోట్లో పుళ్లు వస్తే చెప్పమన్నారు. ఇవన్నీ తెలిసిన మనిషి దొరకడం మా అదృష్టం. మా కొండల నుంచి వచ్చేవాళ్లు పెద్దగా మాట్లాడరు, "ఒళ్లు నొప్పులు అప్పుడప్పుడూ వస్తాయా, రక్తం ఎక్కించారా, కళ్లు పచ్చబడ్డాయా, ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ కార్డు ఇచ్చారా" అని మీరే అడగాలి.

తగరపువలస · బుధవారం, రాత్రి 10:30

చెల్లీ, నిచ్చెన మెట్ల ఎక్స్‌రే నేను బొమ్మలోనే చూశాను. ఇప్పుడు మర్చిపోను.

ఈ వానల్లో నాకు ఎదురైన కేసు ఒకటి. హాస్టల్ అబ్బాయి, చిగుళ్ల నుంచి రక్తం, స్కేలింగ్ చేయమన్నాడు. నాలుగు రోజులు జ్వరం వచ్చి నిన్ననే తగ్గిందన్నాడు. ఇంటర్న్ స్కేలర్ తీయబోతుంటే అటుగా వచ్చిన సార్ ఆపి, మెత్తటి అంగిలి చూడమన్నారు. సన్నటి ఎర్ర చుక్కలు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 38,000, డెంగ్యూ. జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ప్రమాదం అని అప్పుడే తెలిసింది. ఇబుప్రోఫెన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో.

జనరల్_వార్డు · గురువారం, ఉదయం 7:05

మంచి కేసు. పళ్లు శుభ్రంగా ఉండి కూడా చిగుళ్లు వాచి, రక్తం కారుతూ, మనిషి పాలిపోయి ఉంటే లుకేమియా (రక్త క్యాన్సర్) కూడా గుర్తు రావాలి. ముఖ్యంగా మోనోసైటిక్ రకాల్లో కణాలు చిగుళ్లలోకి చేరతాయి. ఆ రెంటినీ అనుమానించడానికి ముందు ఒకే పరీక్ష చాలు, సీబీసీ (రక్తకణాల లెక్క). గంటలో వస్తుంది.

అసలు ప్రశ్నకి నా జవాబు. పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి చదవొద్దు. పోస్టింగ్‌లో ఒక వారం మధ్యాహ్నాలు మెడికల్ వార్డుకి రండి. రోజుకి ఇద్దరు పేషెంట్ల నోరు చూడండి, వాళ్ల కేస్ షీట్ చదవండి. సిర్రోసిస్ మనిషి నాలుక, స్టెరాయిడ్ వాడే ఆస్తమా మనిషి నోట్లో తెల్లటి క్యాండిడా ఫంగస్, కిడ్నీ మనిషి ఊపిరి, ఇవి ఒకసారి చూస్తే చాలు. మాకు మీరు నోరు చూడటం నేర్పండి. వార్డులో మేం నాలుక చాపమంటాం కానీ, నాలుక కింద, పక్కల చూడం.

సముద్రపు_గాలి · తొమ్మిది రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 6:22

ఆలస్యానికి క్షమించండి. నలుగురం కలిసి మధ్యాహ్నాలు వార్డుకి వెళ్లాం. అక్కడ చూసినవి విడిగా రాస్తాను.

ముసలమ్మ కొడుకుతో వచ్చింది. బయాప్సీ అయ్యింది. రిపోర్టు నిన్న వచ్చింది. మోడరేట్ డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పు, మధ్యస్థంగా), క్యాన్సర్ కాదు. ఎర్రటి భాగాన్ని ఓరల్ సర్జరీ వాళ్లు తీసేస్తామన్నారు. కట్టుడు పళ్లు ఆ తర్వాతే.

చుట్ట ఎందుకు అడ్డంగా కాలుస్తావని ఈసారి కూర్చుని అడిగాను. "అగ్గి బయటుంటే సముద్రం గాలికి ఆరిపోద్ది బాబూ. వల కాడ రెండు చేతులూ ఖాళీ ఉండవు" అంది. పదహారేళ్లప్పుడు వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుందట. చిన్న అద్దం పట్టి ఆవిడ అంగిలి ఆవిడకే చూపించాను. చాలాసేపు చూసుకుంది. కొడుకు మాట్లాడలేదు. నికోటిన్ గమ్ నమలడానికి పళ్లు లేవు కాబట్టి మేడమ్ ప్యాచ్ రాశారు. 1800 112 356 క్విట్‌లైన్ నంబరు కొడుకు ఫోన్‌లో ఎక్కించాను. రోజుకి ఆరు చుట్టలు, ఇప్పుడు రెండుకి వచ్చానంది. వాళ్ల వీధిలో ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారని కొడుకు చెప్పాడు. వచ్చే ఆదివారం మేడమ్, మేం నలుగురం టార్చి, అద్దాలు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్తున్నాం.

వేపపుల్ల · శనివారం, సాయంత్రం 6:41

నేనూ వస్తాను తమ్ముడూ, ఎన్నింటికి బయల్దేరుతున్నారు? ఆవిడ మూడు నెలలకి మళ్లీ రావాల్సిన రీకాల్ తేదీ కార్డు మీద రాశావా?

సముద్రపు_గాలి · శనివారం, సాయంత్రం 6:44

రాశాను అక్కా. పొద్దున ఏడింటికి, మద్దిలపాలెం బస్టాప్ దగ్గర.